అందిందక్కా

ఆ రాత్రి కంకిపాడు దగ్గర రొయ్యల చెరువుగట్టు మీది ఆఫీసులో రమాసుందరి ఒక్కతే కూర్చుని, కంపెనీ మెయిల్‌ను కొత్త సర్వర్‌కి మారుస్తోంది. మెయిళ్లు ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు తెరిస్తే, అందులో పోయిన నెలే చనిపోయిన భాగస్వామి విశ్వేశ్వర్ సొంత సర్వర్ ఉంది. ఇన్నేళ్లూ ప్రతి మెయిలూ ముందు అతనికే చేరేది. అతను వదిలినవే తన దాకా వచ్చేవన్నమాట.

"తమ్ముడూ తమ్ముడూ అని ఇంట్లో అన్నం పెట్టాను కదరా నీకు!"

ఆ రికార్డు తీసేసి, కొత్తది పెట్టి, కంపెనీ అడ్రసుకి టెస్ట్ మెయిల్ కొట్టింది.

బయట చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల హోరు ఠక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ టింగుమంది. తను ఏ మెయిల్ పంపినా విశ్వేశ్వర్ ఇచ్చే జవాబే మొదట.

"అందిందక్కా. నీకివ్వని మెయిళ్లన్నీ తెచ్చాను. తలుపు తియ్యి."