రాజారత్నం నడిపిన కారు

ఇంట్లో నాలుగు కార్లు పెట్టుకుని కృపావరం బస్సెక్కాడు.

"జనం నవ్వుతారు బావా," అన్నాడు బంగార్రాజు, పక్క సీట్లో సర్దుకుంటూ. "ఒక్కటైనా బయటికి తీయొచ్చుగా."

"దివిసీమంతా ఉప్పుగాలి. వాటికి పడదు."

గుడివాడలో కృపావరానికి లారీలున్నాయి. అవి బతుకుతెరువు. పాత కార్లు మాత్రం పిచ్చి. జమీందార్లు వదిలించుకున్నవీ, తెల్లదొరలు అమ్ముకుని వెళ్లిపోయినవీ ఎక్కడున్నాయని తెలిసినా వెళ్లి తెచ్చుకుంటాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే, తెల్లచొక్కా అయినా విప్పకుండా షెడ్డులోకి వెళ్లి ఒక్కోదాన్నీ స్టార్ట్ చేసి, కళ్లు మూసుకుని వింటాడు. గొంతు లేని కారు కొనడు. కళ్లకు గంతలు కట్టినా మోత విని ఏ కారో చెప్పేస్తానంటాడు. బంగార్రాజు మెకానిక్కు, చిన్నప్పటి స్నేహితుడు. అతను కూడా ఆ మాట కాదనడు.

నిజానికి ఆ నాలుగూ దొరికింది మరోదాన్ని వెతుకుతుంటేనే. కృపావరం తండ్రి రాజారత్నం బందరులో ఒక జమీందారు గారి దగ్గర డ్రైవరు. ఆయన నడిపిన షెవర్లే కారు, జమీందారీలు పోయాక వేలంలో ఎవరి చేతికో పోయింది. అది ఎక్కడికి చేరిందో రాజారత్నానికి చివరిదాకా తెలియలేదు. మొన్న అవనిగడ్డ బ్రోకరు ఒకడు చెప్పాడు, నాగాయలంక దాటాక ఏటి మధ్య లంకలో, చేపల వ్యాపారం చేసే ఆదినారాయణ పాకలో పాత షెవర్లే ఒకటి ఉందని.

"అది మీ నాన్నదే అయితే?" అన్నాడు బంగార్రాజు.

"ఒక్కసారి స్టార్ట్ చేసి వింటాను. ఆ గొంతు విన్నాక ఇంక బేరం ఆడను."

నాగాయలంక రేవులో ఆదినారాయణే ఎదురొచ్చాడు. పొద్దున తెచ్చిన చేపలు దించేసి, ఖాళీ తట్టలతో లంకకు తిరిగి వెళ్తున్నాడు. ఇంజను పడవ. ఇంజను మీద చెక్కపెట్టె బోర్లించి ఉంది. దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. పొగగొట్టం నీళ్లలోకి దించడంతో మోత బుడబుడమంటోంది. చుక్కాని ఆదినారాయణే పట్టాడు. బంగార్రాజుకు నీళ్లంటే భయం. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ ముందు కూర్చున్నాడు.

కృపావరం నిద్ర తక్కువ మనిషి. మాత్రలు మింగినా కునుకు రాదు. గుడివాడ నుంచి బస్సులో ఒక్కసారి కూడా తల వాల్చలేదు. అలాంటివాడు, పడవ రేవు దాటిందో లేదో, తట్టకు ఆనుకుని నోరు తెరుచుకుని నిద్రపోయాడు. లంక ఒడ్డున భుజం పట్టి కుదిపితే గానీ లేవలేదు.

"ఈ మోతలో, ఈ నీచు వాసనలో ఎలా పట్టింది బావా నిద్ర?"

"ఏటిగాలి," అన్నాడు కృపావరం, సిగ్గుపడి మూతి తుడుచుకుంటూ.

ముందు భోజనం అన్నాడు ఆదినారాయణ. అతని భార్య చిట్టెమ్మ పీతల కూర వండింది. తిన్నాక కొబ్బరిబొండాలు కొట్టించాడు. అవి తాగాక, మా లంక చూద్దురుగాని రండి అన్నాడు. కృపావరం వినిపించుకోకుండా పాకవైపు నడిచాడు.

కారు ఉంది. పైన కప్పిన వలలు లాగేసరికి నల్లగా మెరిసింది. ఆదినారాయణ తండ్రి వేలంలో మోజుపడి కొన్నాడట. రెండు పడవలు జతకట్టి, వాటి మీద నిలబెట్టి ఏరు దాటించాడట. తీరా తెచ్చాక చూస్తే లంకలో రోడ్డు లేదు. పెళ్లికొడుకుల్ని కూర్చోబెట్టి, పదిమందీ ఇసుకలో తోసుకుంటూ ఊరేగించేవాళ్లట.

"ఇప్పుడు కోళ్లే ఎక్కుతున్నాయండి," అంది చిట్టెమ్మ, ముందు సీట్లోంచి పుంజును అదిలిస్తూ.

కృపావరం తలుపు తీసి వంగాడు. స్టీరింగు కింద వేళ్లతో తడిమాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి. తాళంచెవి మొనతో గీసిన చిన్న సిలువ. రాజారత్నం బండి తీసే ముందు దాన్ని తాకి ప్రార్థన చేసుకునేవాడు.

బంగార్రాజు కూడా వంగి చూశాడు.

"తెల్లారగట్ల నాన్న ఇంజను వేడి చేసేవాడు," అన్నాడు కృపావరం. "షికారు తిప్పుతాడని నేను వెళ్లి వెనక సీట్లో దూరేవాణ్ణి. బండి గేటు దాటేలోపే నిద్ర ముంచుకొచ్చేది. ఒక్క షికారూ చూడలేదు."

తనలో తను నవ్వుకుని రెండో చెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వండి. ఒక్కసారి వింటాను."

ఆదినారాయణ తన భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ పుంజు వెళ్లినవైపు చూసింది.

బంగార్రాజుకు అనుమానం వచ్చింది. బానెట్టుకు కట్టిన కొబ్బరితాడు విప్పి పైకెత్తాడు. లోపల గడ్డి పరిచి ఉంది. గడ్డిలో ఒక పెట్ట గుడ్లు పొదుగుతూ, ఎవర్రా అన్నట్టు తలెత్తి చూసింది. అంతకుమించి అక్కడేమీ లేదు.

కృపావరం అక్కణ్ణుంచే మెడ చాచి చూశాడు. సిలువ మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.

"అమ్మేశారా ఇంజను?"

"అయ్యో, అమ్మలేదండి," అన్నాడు ఆదినారాయణ తల గోక్కుంటూ, ఏటివైపు చూపిస్తూ. "పొద్దున మిమ్మల్ని నిద్రపుచ్చి తీసుకొచ్చింది అదేనండి."