సొంత పేరు పలకని గాజు

మదనపల్లె టీచర్ల బృందంలో అందరి చేతికీ ఒకే రకం గాజు. ఎవరి క్లాసులోనైనా పిల్లలు కొత్త మాట సొంతంగా చదివితే, ఆ టీచరు పేరు మిగతావాళ్ల గాజులు పలుకుతాయి. తోటివాళ్ల గెలుపు విని సంతోషించాలని ఆ ఏర్పాటు. సొంత పేరు మాత్రం సొంత గాజు పలకదు.

వకుళ గాజు ఒకటే “రమీజా, రమీజా” అంటోంది. హాజరు తీస్తున్నా అదే, అన్నం కలుపుతున్నా అదే. కడుపు మండి, ఆ కిటుకేదో తేల్చుకుందామని వకుళ పక్క క్లాసుకు వెళ్లింది.

రమీజా చేతికి గాజు లేదు. రుమాల్లో చుట్టి టిఫిన్ డబ్బాలో పడేసింది. లోపల్నించి సన్నగా వినిపిస్తోంది: “వకుళ, వకుళ.”

“ఏం చేసేదక్కా,” రమీజా మొహం తిప్పుకుంది. “పొద్దన్నుంచీ నీ పేరే. వినలేక చస్తా ఉండా.”

వకుళ తన గాజు తీసి ఆమె ముందు పెట్టింది.

“ఇది నువ్వేసుకో. అది నాకియ్యి.”