రంగు తీసిన నీళ్లు

గంట నుంచి చుక్కలు పడుతున్నా బీకరు నిండటం లేదు.

ఏలూరులోని నీటి పరీక్షల ల్యాబులో ఆ రాత్రి ఇందుజ ఒక్కతే ఉంది. డికాషన్ రంగు కొల్లేటి నీళ్లు గాజు గొట్టంలోని రెజిన్ పూసల గుండా దిగుతున్నాయి. కుళ్లిన ఆకూ గడ్డీ ఇచ్చిన ఆ రంగును రెజిన్ పట్టేసుకుని, తేటనీటిని కిందికి వదులుతుంది. టప్. టప్.

ఆర్నెల్ల క్రితం ఈ నీళ్లు తెచ్చినవాడు లంక ఊరి జాలరి చిన్నరాజు. అప్పుడామె తేటనీరు మాత్రమే పరీక్షించి, సీసం లేదంది.

"రంగు తీసేసి చూస్తే ఎలాగండీ? మేం రంగుతోనే తాగుతాం కదా!" అని నవ్వాడతను.

"పరీక్ష మీరు చేస్తారా, నేను చెయ్యనా? నిక్షేపంగా తాగండి," అంది ఇందుజ.

నిన్న అతని భార్య వీరలక్ష్మి ఫోన్ చేసింది. చిన్నరాజు పోయాడు. రక్తం నిండా సీసమేనట. "మీరు చెప్పారనే పిల్లలకీ అవే పోస్తున్నానండీ," అందామె.

అందుకే ఇవాళ అతను తెచ్చిన నీళ్లలో మిగిలిన సీసా తీసింది. రెజిన్ పట్టిన రంగును ఉప్పునీటితో దించి పరీక్షించింది. సీసమంతా రంగుకే అంటుకుని ఉంది. నమ్మలేక మిగతా నీళ్లు మళ్లీ గొట్టంలో పోసింది. ఆ రోజే అతని మాట వినుంటే!

ఆ నీళ్లు పిల్లలకి పొయ్యొద్దని చెప్పడానికి వీరలక్ష్మికి ఫోన్ చేసింది. అవతల ఎత్తారు. ముందు గుటక వేసిన చప్పుడు. ఆ గుటకతోపాటే ఎదురుగా బీకరులో నీళ్లు ఒక అంగుళం దిగాయి.

"తియ్యగా ఉన్నాయండీ మేడమ్ గారూ," అంది చిన్నరాజు గొంతు. "మా పిల్లలకి మాత్రం ఇంకా రంగునీళ్లేనండీ."