తెల్లగుడ్డ వెనక

గాలి ఒక్క విసురు విసిరింది. వెనకాల నిలబెట్టిన తెల్లగుడ్డ స్టాండుతో సహా ఎగిరి, ఫొటో దిగడానికి బుద్ధిగా కూర్చున్న శౌరమ్మ నెత్తిన పడింది.

క్రిస్టినా కంగారుగా పరుగెత్తింది. ముసలావిడ మాత్రం గుడ్డలోంచి తల బయటపెట్టి పకపకా నవ్వింది.

విజయవాడ వన్ టౌన్‌లో స్టూడియో నడుపుకునే క్రిస్టినాకు ఏసీ గదిలో పెళ్లికూతుళ్లను తియ్యడం అలవాటు. బందరు తీరంలో ఈ ఉప్పుగాలి ఆమెకు కొత్త. రేవు దగ్గర కొత్తగా సముద్ర మ్యూజియం పెడుతున్నారు. అందులో ఒక గోడ నిండా డెబ్భై ఏడులో వచ్చిన ఉప్పెనలో కొట్టుకుపోయి బతికినవాళ్ల ఫొటోలు ఉండాలని మ్యూజియం పెద్ద సంజీవరావు గారి ముచ్చట. అందరూ ముసలివాళ్లైపోయారు, ఇప్పుడు తియ్యకపోతే మరి దొరకరని ఆయన బెంగ.

స్టాండు కాలు విరిగింది. ఏం చెయ్యాలో తోచక ఆమె నిలబడి ఉండగా, వలలు ఆరేసిన చోటు నుంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు.

“గుడ్డ నేను పట్టుకుంటాలే అమ్మా” అన్నాడు.

అని, రెండు చేతులూ బార్లా చాపి గుడ్డ వెనక నిలబడ్డాడు. అంత గాలికీ గుడ్డ కదిలితే ఒట్టు.

ఆయన పేరు మరియదాసు. మర్నాడు ఇంకో స్టాండు తెప్పిస్తానని క్రిస్టినా అంటే, ఫొటోలకు వచ్చినవాళ్లే పడనివ్వలేదు.

“అదెందుకమ్మా! మరియదాసు ఉన్నాడుగా” అన్నారు ఒకే మాటగా.

పల్లెటూరి పొదుపు కాబోలనుకుంది క్రిస్టినా.

ఆయనతో రెండే చిక్కులు. ఒకటి, ప్రతి ఫొటోలోనూ గుడ్డ అంచున ఆయన వేళ్లు పడుతున్నాయి. రెండోది, కూర్చున్న ప్రతివాళ్లూ సరిగ్గా క్లిక్ మనిపించే వేళకు వెనక్కి తిరుగుతున్నారు.

“మామ్మగారూ, ఇటు చూడండి. వెనకేముందండీ?”

“ఏం లేదమ్మా. ఉన్నాడా అని చూశా.”

“ఎక్కడికి పోతాడండీ ఆయన!” అని విసుక్కుని, “తాతా, వేళ్లు! ఫ్రేములో పడుతున్నాయి” అని అరిచేది.

“అట్టాగే అమ్మా” అంటూ ఆయన వేళ్లు ముడుచుకునేవాడు. గాలి రాగానే మళ్లీ చాచక తప్పేది కాదు. సర్లే, తర్వాత కత్తిరించుకోవచ్చని ఆమె సరిపెట్టుకుంది.

చివరి రోజు పొద్దు వాలింది. ఆమె సామాను సర్దుకుంటుంటే, మరియదాసు గుడ్డ మడతపెట్టి చేతికిచ్చి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

“ఏంటి తాతా?”

“నాదీ ఒకటి తీస్తావా అమ్మా?” అన్నాడు సిగ్గుపడుతూ. “మా ఆవిడ దానమ్మకి బందరు స్టూడియోలో ఇద్దరం కలిసి దిగాలని మహా సరదాగా ఉండేది. ఇంతలో ఉప్పెనొచ్చి దాన్ని తీసుకుపోయింది. మళ్లీ నేను ఫొటో దిగలా.”

క్రిస్టినాకు జాలేసింది. కానీ బస్టాండుకు వెళ్లాల్సిన ఆటో హారన్ మీద హారన్ కొడుతోంది.

“ఇవి నీళ్లలో కొట్టుకుపోయినవాళ్ల ఫొటోలు తాతా. మీరూ కొట్టుకుపోయారా?”

“లేదమ్మా. నేను కొట్టుకుపోలా” అన్నాడు, అబద్ధం ఆడటం చేతగాని ఆ మనిషి.

“వెలుతురు కూడా పోయింది. మ్యూజియం తెరిచే రోజు వస్తాగా, అప్పుడు తప్పకుండా తీస్తాను. మంచి చొక్కా వేసుకుని రండి.”

“అట్టాగేనమ్మా. నాకేం తొందర.”

స్టూడియోకు వచ్చాక ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసుకుంది. అన్నిటి అంచునా ఆ వేళ్లే. మొద్దుబారిన గోళ్లు, తాళ్లు లాగి లాగి కాయలు కాసిన కణుపులు. ఒక్కటి మిగలకుండా కత్తిరించింది. పని నీట్‌గా వచ్చిందని మురిసిపోయింది కూడా.

మ్యూజియం తెరిచిన రోజు మెడలో కెమెరా వేసుకుని, ముందు ఆయన కోసమే వెతికింది.

“మరియదాసు తాత ఏడండీ?”

“పోయిన ఆదివారం పోయాడమ్మా” అంది శౌరమ్మ. “నువ్వు ఫొటో తీస్తానన్నావని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. అదే తొడిగి మట్టి చేశాం.”

ఒక్క నిమిషం పని. ఆటోవాణ్ణి ఒక్క నిమిషం ఆగమంటే సరిపోయేది.

లోపల గోడ ముందు ముసలివాళ్లంతా గుమిగూడారు. చిత్రమేమిటంటే, ఒక్కరూ తమ మొహం చూసుకోవడం లేదు. ఫొటోల అంచులు తడుముతున్నారు.

“బాగా రాలేదా మామ్మగారూ?”

“నా మొహానికేంలే తల్లీ, బానే ఉంది. మరియదాసు చేతులేయి?”

“అడ్డంగా ఉన్నాయని కత్తిరించేశానండీ.”

శౌరమ్మ ఫొటో మీంచి చెయ్యి తీసి ఆమె వైపు తిరిగింది.

“తెలిసే మా అందరి వెనకా అతన్ని ఉండనిచ్చావనుకున్నామే!”

“ఏం తెలిసండీ?”

ముసలావిడ కోప్పడలేదు. ఫొటోలో తన భుజం పక్కన ఖాళీగా ఉన్న తెలుపు మీద అరచెయ్యి ఆనించింది.

“ఎట్టా కొట్టుకుపోయారని అందరూ అడిగారు గానీ, ఎట్టా బయటపడ్డారని ఒక్కరూ అడగలా. ఆ రోజు పెళ్లాన్ని వెతుక్కుంటా పడవేసుకుని పోయాడు. ఆమె దొరకలా. నువ్వు కత్తిరించిన ఆ చేతులు పట్టుకునే తల్లీ, ఈ గోడ మీదున్న మేమందరం నీళ్లలోంచి పైకొచ్చాం.”