ముందున్న చక్రం

"ఇవాళ కూడా పైకి ఎక్కలేకపోతే సైకిల్ మానేస్తాను అంకుల్," అంది దేదీప్య.

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఉండి ఎంఎస్ చదువుతోంది. సైకిల్ రేసులంటే ప్రాణం. అయితే ఈ ట్రాక్ మలుపుల దగ్గర గోడలా పైకి లేచి ఉంటుంది. నెల కిందట అక్కణ్ణుంచి జారిపడింది. అప్పట్నుంచీ అటు వెళ్లకుండా కిందే తిరుగుతోంది.

"ఒక్క రౌండ్ పైన కొట్టు, టీమ్‌లో ఉంటావు. టీమ్ ఇవాళే ఫైనల్ చేయాలమ్మా," అన్నాడు కోచ్ రామమోహన్.

బయట మెయిన్ గేటు దగ్గర ఆమె స్నేహితుడు లోకేష్ హడావిడి అంతా ఇంతా కాదు. ఫ్లెక్సీ కట్టాడు. గజమాల తెప్పించాడు. డప్పులవాళ్లను కూడా పిలిచాడు. జపాన్ సైకిల్ రాణి హరునో తకిగావా వస్తోంది మరి!

ఆమె రేసంటే అక్కడ స్టేడియాలు నిండిపోతాయి. చాక్లెట్ల మీద ఆమె బొమ్మే, రైలుపెట్టెల మీద ఆమె బొమ్మే. ఎప్పుడూ హెల్మెట్ నల్లద్దం వెనకే ఉండి మొహం కనబడని ఆ మనిషంటే దేదీప్యకు దేవతతో సమానం.

"ఎందుకు కిందే తిరుగుతున్నావు?"

వచ్చీరాని ఇంగ్లీషు. వెలిసిపోయిన టీషర్టు, నెరుస్తున్న జుట్టు, చేతిలో సైకిలుతో ఒకావిడ. ఎవరో వాలంటీర్ కాబోలు అనుకుంది దేదీప్య.

"భయం."

"నెమ్మదిగా వెళ్తేనే జారతావు. గోడను చూడకు. నా చక్రం చూడు."

ఆవిడ ముందు బయల్దేరింది. దేదీప్య ఆ చక్రం మీదే చూపు నిలిపింది.

ఉన్నట్టుండి ఎదురుగాలి లేదు. ముందున్న మనిషే దాన్నంతా కాచుకుంటోంది. ఎప్పుడు పైకెక్కిందో దేదీప్యకే తెలియలేదు. ఎక్కడో కింద పచ్చిక కనబడింది. ఒళ్లు పులకరించింది. ఇంత వేగం తన కాళ్లలో ఉందా అని ఆశ్చర్యపోయింది.

ఆఖరి మలుపులో ఆవిడ పక్కకు తప్పుకుంది. "వెళ్లు!"

దేదీప్య ఆమెను దాటి దూసుకుపోయింది.

రామమోహన్ బొటనవేలు ఎత్తి చూపించాడు. టీమ్‌లో చోటు ఖాయం.

ఆవిడకు థాంక్స్ చెప్పబోతుంటే ఫోన్ మోగింది.

"దేదీప్యా, ఏడున్నవ్? జల్ది రా! నల్ల కార్లు వస్తున్నయ్, ఆమెనే అయ్యుంటది!" లోకేష్ కేకలు.

"సారీ మేడమ్, తకిగావా వస్తున్నారట! మీరూ రండి, ఆవిణ్ణి చూసి తీరాలి!"

ఆవిడ పకపకా నవ్వింది. "నువ్వెళ్లు. బాగా తొక్కావు."

గేటు దగ్గర డప్పులు దద్దరిల్లాయి. నల్ల కార్లు ఆగకుండా వెళ్లిపోయాయి. ఎవరో పెళ్లివాళ్లు.

గజమాల వాడిపోయేదాకా నిలబడ్డారు. రామమోహన్ బయటికొచ్చాడు.

"ఇంకా ఎవరి కోసంరా? ఆవిడ పొద్దున్నే సైకిల్ మీద వచ్చింది. పక్క గేట్లోంచి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లిపోయింది కూడా."

దేదీప్య ఒక్కడుగు ముందుకేసింది. "నాకెందుకు చెప్పలేదు అంకుల్?"

"చెప్పొద్దంది. చెబితే నువ్వు చక్రాన్ని చూడవట, తననే చూస్తావట."

దేదీప్య ఖాళీ ట్రాక్ వైపు తిరిగింది.

"జపాన్‌లో ఆఖరి మలుపులో ఆవిణ్ణి దాటినవాళ్లు లేరమ్మా," అన్నాడు రామమోహన్, "ఇందాక నువ్వొక్కదానివే దాటావు."