వెనక కొక్కెం

"దేవుడికి దణ్ణం పెట్టుకోండి. పెద్ద గండం గడిచింది" అంది భార్య, పొద్దున్నుంచి మూడోసారి.

రంగులవాడు మంచం మీంచి కదల్లేదు. నిన్న ఏడో అంతస్తు గోడకి రంగేస్తుంటే, కూర్చున్న పీట తాడు తెగింది. బెల్టుకి వెనక కొక్కెంతో తగిలించిన రెండో తాడు ఆపింది. అప్పట్నుంచీ మనిషి మొద్దుబారిపోయాడు.

"చేతులు లేవట్లేదే. ఏడుపన్నా రావట్లేదు."

ఆవిడ అన్న లోపలికొచ్చాడు. పనిలో మేడ మీద తాళ్ళు చూసుకునేది ఆయనే.

"బావా, నిన్న కొక్కెం తగిలించుకున్నట్టు నాకు గుర్తే లేదు."

"నువ్వు తగిలించుకోలేదు. నేనే తగిలించాను."

"నిన్న నువ్వు చూడబట్టి..."

"నిన్నేమిటి? ఎనిమిదేళ్ళుగా రోజూ నేనే తగిలిస్తున్నా. కిందికి దిగి విప్పుకునేటప్పుడు నువ్వే పెట్టుకున్నాననుకునేవాడివి."

"ఒక్కసారీ చెప్పలేదేం?"

"చెబితే అలుగుతావు. నీకసలే ముక్కు మీద కోపం."

రంగులవాడు నడుం వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకున్నాడు. తర్వాత రెండు చేతులూ మెల్లగా దగ్గరికొచ్చాయి.

"ఏమే, నిన్నొక్కరోజుకే దణ్ణం పెడితే ఎలా సరిపోతుంది? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"