కోచ్ తరఫున ఒకే ఒక్క గొంతు

కెనడాలోని సాస్కటూన్ రేడియోలో పొద్దున్నించీ ఊరి ఐస్ హాకీ జట్టు కోచ్‌ని ఉతికి ఆరేస్తున్నారు. ప్లేఆఫ్స్‌లో ఇవాళ కూడా ఓడితే జట్టు ఇంటికే.

అంతలో ముక్కు దిబ్బడేసిన గొంతుతో ఒకావిడ ఫోన్ చేసింది.

"కోచ్ బంగారం. ఆయన్ని తీసెయ్యొద్దు."

కార్యక్రమం నడిపే లాయిడ్ ఎగిరిపడ్డాడు. "బంగారమా! మనవాళ్లందర్నీ గోల్ ముందు గుంపుగా నిలబెడితే మన గోల్‌కీపర్‌కి వచ్చే బిళ్లే కనబడదు కదమ్మా?"

"అలాగే నిలబెట్టాలి."

"మేనేజరేమో ఉన్న ఒక్క మంచి డిఫెండర్నీ వేరే జట్టుకిచ్చేసి, మోకాళ్లరిగిన ముసలి గోల్‌కీపర్ని తెచ్చుకున్నాడు!"

"మేనేజర్ కూడా బంగారమే. ఇంకో ముసలాణ్ణి తెమ్మనండి."

"అసలు మనం గెలవాలని లేదా మీకు?"

"గెలిస్తే ఎలాగండీ? జట్టు ఇంటిదారి పట్టేదాకా గడ్డం గీయనని మా ఆయన మొక్కు. పాత కోచ్ ఫైనల్ దాకా లాక్కెళ్తే, రెండు నెలలు ఆ గడ్డంలోంచి సూపు కారుతూనే ఉంది."

లాయిడ్ పగలబడి నవ్వాడు. "ఊళ్లో సగంమంది మగాళ్లది అదే మొక్కమ్మా! మీ ఆయన వింటున్నాడా?"

"వింటున్నాడు. గడ్డం గోక్కుంటూ."

లాయిడ్ చెయ్యి గడ్డంలోనే ఆగిపోయింది.

"ఆర్డిస్?"

ముక్కు దిబ్బడ ఒక్కసారిగా వదిలిపోయింది.

"శనివారం మన అమ్మాయి పెళ్లి, లాయిడ్. ఇవాళ జట్టన్నా ఓడాలి, ఆ గడ్డమన్నా పోవాలి."